అంపైర్ కన్ను ఎక్కడ తడబడుతుంది?

2019 మార్చి 28 రాత్రి, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. ఆఖరి బంతికి రాయల్ చాలెంజర్స్ ఏడు పరుగులు చేయాలి. ముంబై ఇండియన్స్ బౌలర్ లసిత్ మలింగ బంతి వేశాడు. శివమ్ దూబే బ్యాట్ నుంచి పరుగేమీ రాలేదు. ముంబై ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఆటగాళ్లు చేతులు కలుపుకుంటున్న సమయంలో తెర మీద రీప్లే వచ్చింది. మలింగ కాలు గీత దాటి ముందుకు పడింది. అది నోబాల్. అంపైర్ చెయ్యి చాచి ఉంటే ఒక పరుగు వచ్చేది, పైగా ఫ్రీ హిట్ దక్కేది. అప్పుడు ఒక్క సిక్సర్ పడితే మ్యాచ్ బెంగళూరుదే.

ఓడిన కెప్టెన్ కోహ్లీ మండిపడ్డాడు, ఇది ఐపీఎల్ గానీ క్లబ్ క్రికెట్ కాదన్నాడు. విశేషమేమిటంటే, గెలిచిన కెప్టెన్ రోహిత్ శర్మ కూడా అంపైరింగ్‌ను తప్పుపట్టాడు. ఇళ్లలో టీవీల ముందున్న లక్షల మందికి కనిపించిన కాలు, అందరికంటే దగ్గరగా నిలబడ్డ మనిషికి కనిపించలేదు.

ఇలాంటి రాత్రి మనకు వచ్చే కోపం న్యాయమైనదే. ఆటగాడు ఏళ్ల తరబడి పెట్టిన శ్రమను, జట్టు సీజనంతా కూడగట్టుకున్న పాయింట్లను ఒక్క తప్పుడు తీర్పు తుడిచిపెట్టేస్తుంది. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి సరైన తీర్పు అడిగే హక్కు ఉంది. కానీ మన కోపం చాలాసార్లు "కళ్లు కనపడవా?" అనే దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రశ్నను తిట్టుగా కాకుండా నిజమైన ప్రశ్నగా అడిగితే, దానికి విజ్ఞానశాస్త్రం చాలా వివరమైన జవాబు చెబుతుంది.

ముందు ఆ అర సెకను సంగతి చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. బౌలర్ చేతి నుంచి బ్యాటర్ దాకా బంతి ప్రయాణించే దూరం సుమారు 18 మీటర్లు. పిచ్ తాకి కొంత వేగం తగ్గినా, ఆ ప్రయాణమంతా అర సెకను పని. ఈలోపు అంపైర్ మొదట తన ముందున్న గీత మీద బౌలర్ ముందు కాలు ఎక్కడ పడిందో చూడాలి. పాదంలో కొంత భాగమైనా గీత వెనక ఉందా లేదా తేల్చుకోవాలి. మడమ గాల్లో ఉన్నా ఫరవాలేదు గానీ గీత వెనకే ఉండాలి. వెంటనే తలెత్తి ఇరవై మీటర్ల అవతల బంతి ఎక్కడ పిచ్ అయింది, ప్యాడ్‌కు తగిలిందా, బ్యాట్‌కు తగిలిందా, ముందు ఏది తగిలింది, ఆపకుంటే స్టంప్స్‌కు తగిలేదా అన్నవన్నీ పట్టుకోవాలి. 1960ల దాకా నోబాల్‌ను వెనక కాలితో తేల్చేవారు. ముందు కాలి నిబంధన వచ్చాక, బంతి చేతి నుంచి విడుదలయ్యే క్షణానికి అంపైర్ చూపు ఇంకా నేల మీదే ఉండాల్సి వస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన కన్ను ఒక చోటి నుంచి దూరంగా ఉన్న మరో చోటికి జారుతూ పోదు, గెంతుతుంది. శాస్త్రవేత్తలు ఈ గెంతును సకాడ్ అంటారు. గెంతు సాగుతున్నంతసేపూ మెదడు చూపును దాదాపు అణచిపెడుతుంది. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని చూసి, వెంటనే కుడి కంటిని చూడండి. మీ కళ్లు కదలడం మీకు ఎంతకీ కనిపించదు. పక్కనున్నవాళ్లకు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. గీత మీద నుంచి బ్యాటర్ దాకా అంపైర్ చూపు సుమారు 30 డిగ్రీలు పైకి లేవాలి. అంత పెద్ద గెంతుకు సెకనులో పదో వంతు దాకా పడుతుంది. ఆ పదో వంతులో బంతి దాదాపు నాలుగు మీటర్లు వెళ్లిపోతుంది. అంపైర్ తన చూపును బౌలర్ కాలి మీద కాసేపు ఎక్కువ నిలిపితే బంతి చేజారుతుంది, తొందరగా తలెత్తితే కాలు చేజారుతుంది. వికెట్ పడటం నోబాల్ కంటే పెద్ద సంగతి కాబట్టి ఏ అంపైరైనా బంతి వైపే మొగ్గడం సహజం.

ఈ తప్పు రెండు వైపులా జరుగుతుంది. 2016 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్ టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ ఆడమ్ వోజెస్ ఏడు పరుగుల మీద ఉండగా డగ్ బ్రేస్‌వెల్ బంతికి బౌల్డ్ అయ్యాడు. అంపైర్ నోబాల్ అన్నాడు. రీప్లేలో బౌలర్ కాలు గీత వెనకే ఉంది. అయినా ఒకసారి ప్రకటించిన నోబాల్‌ను వెనక్కి తీసుకునే వీల్లేదు. వోజెస్ 239 పరుగులు చేశాడు.

దీనికి దొరికిన మందును పరీక్షించిన చోట్లలో మన హైదరాబాద్ ఒకటి. 2019 డిసెంబర్ 6న ఉప్పల్‌లో భారత్, వెస్టిండీస్ మధ్య జరిగిన టీ20తో మొదలుపెట్టి, ఆ సిరీస్‌లో ముందు కాలి నోబాల్ చూసే పనిని ఐసీసీ ప్రయోగాత్మకంగా మైదానంలోని అంపైర్ నుంచి తీసి థర్డ్ అంపైర్‌కు అప్పగించింది. తర్వాత అది పెద్ద మ్యాచ్‌లన్నింటికీ పాకింది. అంపైర్లకు కొత్త కళ్లు రాలేదు, కఠిన శిక్షణా ఇవ్వలేదు. ఒకే మనిషి ఒకే క్షణంలో రెండు చోట్ల చూడాలన్న అసాధ్యమైన షరతును ఎత్తేశారు, అంతే. గత ఇరవై ఏళ్లలో అంపైరింగ్‌కు జరిగిన మేళ్లలో నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. దీని గురించి మనం మాట్లాడుకునేది మాత్రం చాలా తక్కువ.

కన్ను తర్వాత చెవి. ఇక్కడ 2008 జనవరి నాటి సిడ్నీ టెస్టును తలుచుకోక తప్పదు. ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల మీద ఉండగా ఇషాంత్ శర్మ బంతి అతని బ్యాట్ అంచుకు తగిలి ధోనీ చేతుల్లో పడింది. శబ్దం అందరికీ వినిపించింది. స్టీవ్ బక్నర్ ఔటివ్వలేదు. సైమండ్స్ 162 పరుగులతో అజేయంగా నిలిచాడు. మన లక్ష్మణ్ 109, టెండూల్కర్ అజేయంగా 154 చేసి భారత్‌ను ఆధిక్యంలో నిలబెట్టినా, ఆఖరి రోజు మళ్లీ దెబ్బ పడింది. ద్రవిడ్ బ్యాట్‌ను ప్యాడ్ వెనక దాచుకుని నిలబడితే, బంతి ప్యాడ్‌ను తాకి వెళ్లినందుకు కీపర్ క్యాచ్‌గా ఔటిచ్చారు. ఆట ముగియడానికి నిమిషాల ముందు మైకేల్ క్లార్క్ ఒకే ఓవర్‌లో మూడు వికెట్లు తీశాడు. భారత్ 122 పరుగుల తేడాతో ఓడిపోయింది. తర్వాతి పెర్త్ టెస్టు నుంచి బక్నర్‌ను తప్పించారు. ఆ మ్యాచ్‌లో రెండు పొరపాట్లు చేశానని ఆయన చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు.

బక్నర్ వంద టెస్టులకు అంపైరింగ్ చేసిన తొలి వ్యక్తి. వరుసగా ఐదు ప్రపంచకప్ ఫైనల్స్‌లో నిలబడ్డ మనిషి. ఆయనకు ఆట తెలియదని ఎవరూ అనలేరు. మరి చెవి ఎందుకు మోసం చేసింది? శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వెలుగుకు ఆ ఇరవై మీటర్లు లెక్కలోవే కావు గానీ, శబ్దానికి సెకనులో దాదాపు 6 వందో వంతులు పడుతుంది. అంటే బ్యాట్ అంచు చప్పుడు అంపైర్ చెవిన పడేసరికి బంతి బ్యాట్‌ను దాటి దాదాపు రెండు మీటర్లు వెళ్లిపోయి ఉంటుంది. కంటికి కనిపించిందీ చెవికి వినిపించిందీ కొంత తేడాతో వచ్చినా, మెదడు రెండింటినీ ఒకే సంఘటనగా అతికేస్తుంది. ఈ సర్దుబాటు లేకపోతే రోజువారీ జీవితమే నడవదు. కానీ బ్యాట్ ప్యాడ్‌కు రాసుకోవడం, బంతి ప్యాడ్‌ను తాకడం, బంతి అంచును తాకడం ఇవన్నీ సెకనులో కొన్ని వందో వంతుల తేడాతో జరిగినప్పుడు, ఏ చప్పుడు దేనిదో విడదీయడం ఈ సర్దుబాటు వల్లే కష్టమవుతుంది. దానికి నలభై వేల మంది హోరు, స్లిప్స్‌లో నలుగురు ఒక్కసారిగా చేసే అప్పీలు తోడవుతాయి. ఈ రోజు అల్ట్రాఎడ్జ్‌లో మనం చూసే గీత, స్టంప్స్ దగ్గరి మైక్ పట్టిన శబ్దాన్ని ఒక్కో ఫ్రేముతో సరిపోల్చి చూపేది. అంపైర్ చెవి ఇరవై మీటర్ల దూరాన ఉంటే, మైక్ బ్యాటర్ కాళ్ల దగ్గరే ఉంటుంది.

మిగతా ఆటల్లోనూ ఇంద్రియాల పరిమితులు ఇలాగే పట్టుబడ్డాయి. వింబుల్డన్‌లో వేల పాయింట్ల వీడియోలు పరిశీలించిన పరిశోధకులకు 83 తప్పుడు లైన్ కాల్స్ దొరికాయి. అందులో 70, బంతి లోపల పడినా బయట అన్నవే. కదిలే వస్తువు ఉన్న చోటు కంటే కాస్త ముందున్నట్టు కంటికి తోచడమే దీనికి కారణమని 2008లో వారు రాశారు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ చూసే సహాయ రెఫరీ, ఆఖరి డిఫెండర్‌కు సరిగ్గా సమాంతరంగా కాక కొంచెం ముందో వెనకో నిలబడితే, కోణం మారి తప్పు ఏ వైపు జరగాలో కూడా ముందే చెప్పేయొచ్చు. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ సంగతి ప్రకటించారు. గుడ్డిగా జరిగే తప్పయితే రెండు వైపులా సమానంగా పడాలి. ఇవి ఒకే వైపు మొగ్గుతున్నాయంటే వీటి వెనక ఒక పద్ధతి ఉన్నట్టే. పద్ధతి ఉన్న తప్పును సరిదిద్దవచ్చు.

ఇక ఇంద్రియాలకు సంబంధం లేని మొగ్గు ఒకటుంది. అది జనం హోరు. ఇంగ్లండ్‌లో అలన్ నెవిల్ బృందం అర్హత ఉన్న 40 మంది రెఫరీలకు ఒక లివర్‌పూల్ మ్యాచ్‌లోని 47 ట్యాకిల్స్ వీడియో చూపించింది. కొందరికి ప్రేక్షకుల శబ్దంతో, మిగతావారికి శబ్దం లేకుండా. హోరు విన్నవాళ్లు ఆతిథ్య జట్టుకు వ్యతిరేకంగా ఇచ్చిన ఫౌల్స్ 15 శాతానికి పైగా తగ్గాయి. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. గదిలో కూర్చుని చూసిన మనుషులు వీళ్లు. స్పెయిన్ లీగ్‌లో ఆతిథ్య జట్టు ఒక గోల్ వెనకబడి ఉంటే రెఫరీలు అదనపు సమయం ఎక్కువ ఇస్తున్నారని, ముందుంటే తక్కువ ఇస్తున్నారని మరో అధ్యయనం తేల్చింది. కోవిడ్ కాలంలో స్టేడియాలు ఖాళీగా ఉన్నప్పుడు పర్యాటక జట్లకు పడే పసుపు కార్డులు తగ్గాయని అనేక దేశాల లెక్కలు చెప్పాయి.

క్రికెట్ ఈ సంగతిని లెక్కల కంటే ముందు అనుభవంతో గ్రహించింది. పాకిస్తాన్‌లో ఆడే జట్లు అక్కడి అంపైర్ల మీద ఫిర్యాదు చేయడం, పాకిస్తాన్ బయట ఆడినప్పుడు అదే ఫిర్యాదు తిరిగి చేయడం రివాజైన రోజుల్లో, ఇమ్రాన్ ఖాన్ తటస్థ అంపైర్లు కావాలని పట్టుబట్టాడు. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు ఇద్దరు భారతీయులు నిలబడ్డారు. ఒకరు పిలూ రిపోర్టర్, రెండోవారు హైదరాబాద్‌కు చెందిన వి.కె.రామస్వామి. రెండు దేశాల మధ్య ఉన్న సంబంధాలు ఎలాంటివైనా, పాకిస్తాన్ గడ్డ మీద తీర్పు చెప్పడానికి పాకిస్తాన్ కెప్టెనే ఒక హైదరాబాదీని నమ్మడం మనం గర్వంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. తర్వాత 1994 నుంచి ప్రతి టెస్టుకూ ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే కావాలన్న నియమం వచ్చింది. ఈ మూడు దశల టెస్టులనూ పోల్చిన ఆర్థికశాస్త్రవేత్తలకు, ఇద్దరూ స్థానిక అంపైర్లే ఉన్నప్పుడు పర్యాటక బ్యాటర్లు ఎల్బీగా ఎక్కువ ఔటైనట్టు, ఇద్దరూ తటస్థులయ్యాక ఆ తేడా మాయమైనట్టు కనిపించింది.

ఇంతవరకు అంపైర్ సంగతి. మన కళ్ల మాటేమిటి? 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొరటుగా సాగింది. ఒక జట్టువాడి ముక్కు, మరో జట్టువాడి కాలు విరిగాయి. తర్వాత హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులకూ అదే మ్యాచ్ ఫిల్మ్ చూపించి, ఎన్ని తప్పులు కనిపించాయో రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు సొంత విద్యార్థులకు సగటున నాలుగు చిల్లర కనిపిస్తే, ప్రిన్స్‌టన్ వాళ్లకు దాదాపు పది కనిపించాయి. ఫిల్మ్ ఒక్కటే. అబద్ధం ఆడుతున్నామని వాళ్లెవరూ అనుకోలేదు. అందుకే "రీప్లే చూస్తే ఎవరికైనా తెలుస్తుంది" అనే మాటను నేను పూర్తిగా నమ్మను. పైగా స్లో మోషన్‌కు ఒక గుణం ఉంది. 2016లో వెలువడిన ప్రయోగాలు, ఒకే చర్యను నెమ్మదిగా చూపిస్తే అది కావాలని చేసినట్టు చూసేవాళ్లకు ఎక్కువగా తోస్తుందని చూపించాయి. ఆటగాడికి దొరికిన క్షణం కంటే ఆలోచించుకునే సమయం ఎక్కువగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. కాలు తగిలిందా లేదా అన్నది స్లో మోషన్‌లో చూడొచ్చు. కావాలని తన్నాడా అన్నది మామూలు వేగంలోనే చూడాలి.

యంత్రం వస్తే అన్నీ సర్దుకుంటాయని సిడ్నీ టెస్టు తర్వాత చాలామంది ఆశపడ్డారు. 2008 జులైలో శ్రీలంకలో కుంబ్లే నాయకత్వంలోని భారత జట్టు మీదే, అంపైర్ తీర్పును సమీక్షించే డీఆర్‌ఎస్‌ను మొదటిసారి పరీక్షించారు. అది మనకు కలిసిరాలేదు. ఆ తర్వాత 2016 దాకా మన బోర్డు ద్వైపాక్షిక సిరీస్‌లలో దాన్ని చాలావరకు దూరం పెట్టింది. బంతి దారిని లెక్కించే పద్ధతి మీద నమ్మకం లేదన్నది కారణం. ఆ అనుమానంలో ఒక నిజం ఉంది. ఈ పద్ధతిలో వాడే హాక్ఐ కెమెరాలు బంతి ప్యాడ్‌ను తాకేదాకా జరిగినదాన్ని కొలుస్తాయి. తాకిన తర్వాత స్టంప్స్ దాకా చూపేది అంచనా. బంతి పిచ్ అయిన వెంటనే ప్యాడ్‌కు తగిలితే, అంచనాకు ఆధారం తక్కువ. ప్యాడ్ నుంచి స్టంప్స్ దాకా దూరం ఎక్కువైతే, అంచనాలో తేడా పెరుగుతుంది. తెర మీద మాత్రం అన్ని బంతులూ ఒకే నిశ్చయంతో గీసిన గీతలా కనిపిస్తాయి.

"అంపైర్స్ కాల్" పుట్టింది ఈ అనిశ్చితి నుంచే. బంతిలో సగానికి తక్కువ భాగం స్టంప్స్‌కు తగులుతున్నట్టు లెక్క వస్తే, మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. తగులుతోంది కదా, ఔటెందుకు కాదని కామెంటేటర్లు, అభిమానులు ఏటా గొడవ చేస్తూనే ఉంటారు. నా మట్టుకు ఆధునిక క్రీడల్లో ఇంతకంటే నిజాయితీ గల నిబంధన లేదు. తన కొలతలో ఎంత తేడా ఉండొచ్చో యంత్రమే బహిరంగంగా ఒప్పుకుంటున్న చోటు ఇది. దాన్ని తీసేస్తే అనిశ్చితి పోదు, మన కంటికి కనిపించకుండా పోతుంది.

యంత్రం ఉన్నా మనుషుల నిర్ణయాలు పోలేదు. 2019 ఆగస్టులో హెడింగ్లీలో ఇంగ్లండ్ గెలవడానికి రెండు పరుగులే ఉన్నప్పుడు నాథన్ లయన్ బంతి బెన్ స్టోక్స్ ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ నాటౌట్ అన్నాడు. స్టంప్స్‌కు తగిలేదని తర్వాత తెర చూపింది. ఆస్ట్రేలియా తన ఆఖరి రివ్యూను ఒక ఓవర్ ముందే వృథా చేసుకుంది. ఇంగ్లండ్ ఒక వికెట్ తేడాతో గెలిచింది. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొడితే లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. వీడియో గదిలో గీతలు సరిగ్గానే గీశారు, ఆఫ్‌సైడ్ కాదని తేలింది. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారని వీడియో రెఫరీ పొరబడి, పరిశీలన పూర్తయిందని మాత్రం చెప్పాడు. ఆట కొనసాగింది, గోల్ పోయింది. ఇక్కడ తప్పింది కన్ను కాదు, మాట. 2025లో వింబుల్డన్ లైన్ జడ్జీలను పూర్తిగా తీసేసి యంత్రానికి అప్పగించింది. టెన్నిస్ క్రీడాకారిణి పావ్లుచెంకోవా ఆడుతున్న మ్యాచ్‌లో బంతి స్పష్టంగా బయట పడినా యంత్రం పలకలేదు. కోర్టులో ఒక వైపు వ్యవస్థను ఎవరో పొరపాటున ఆపేశారు. అంపైర్ ఆ పాయింట్‌ను మళ్లీ ఆడించాడు, ఆమె ఆ గేమ్ కోల్పోయింది. మ్యాచ్ మాత్రం గెలిచింది.

వీటిలో చివరి రెండు ఉదంతాల్లోనూ నిర్వాహకులు చేసిన ఒక మంచి పని ఉంది. ఇంగ్లండ్ రెఫరీల సంస్థ ఆ గదిలో జరిగిన సంభాషణ ఆడియోను బయటపెట్టింది. వింబుల్డన్ క్లబ్ పొరపాటును ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అభిమాని తప్పును క్షమిస్తాడు, దాచడాన్ని క్షమించడు. 2010లో అమెరికా బేస్‌బాల్ అంపైర్ జిమ్ జాయిస్ తప్పుడు తీర్పు వల్ల పిచర్ ఆర్మాండో గలరాగా, ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని అరుదైన పర్‌ఫెక్ట్ గేమ్‌ను ఆఖరి బ్యాటర్ దగ్గర కోల్పోయాడు. మ్యాచ్ ముగిసిన వెంటనే జాయిస్ రీప్లే చూసి, తప్పు తనదేనని చెప్పాడు. మర్నాడు మైదానంలో గలరాగా వచ్చి చెయ్యి కలిపితే జాయిస్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. డెట్రాయిట్ ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 నుంచి ఒక పని చేస్తోంది. హోరాహోరీగా సాగిన మ్యాచ్‌లలో చివరి రెండు నిమిషాల్లో రెఫరీలు ఇచ్చిన తీర్పులనూ, ఇవ్వాల్సి ఉండి ఇవ్వని తీర్పులనూ ఒక్కొక్కటిగా పరిశీలించి, ఏది సరైనది, ఏది తప్పు అని మర్నాడే ప్రకటిస్తుంది. ఫలితం మారదు, కానీ ఏం జరిగిందో అందరికీ ఒకేలా తెలుస్తుంది. ఐపీఎల్‌కు డబ్బు కొరత లేదు, కెమెరాల కొరత అంతకంటే లేదు. ఆఖరి రెండు ఓవర్ల తీర్పుల మీద అలాంటి నివేదికను మ్యాచ్ మర్నాడు ప్రజల ముందు పెట్టమని మన బోర్డును అడగాలి. రాష్ట్ర సంఘాల లీగ్‌లలో ఎండలో రోజంతా నిలబడే అంపైర్లకు ఏటా కంటి పరీక్షలు, వీడియో చూపించి నేర్పే శిక్షణ, బతకడానికి సరిపడే మ్యాచ్ ఫీజు ఇవ్వమని కూడా అడగాలి. రేపు ఐపీఎల్‌లో తీర్పులు చెప్పేది వాళ్లే.